ఎండల నాట ఎండ కరవు

సికిందరాబాదు స్టేషనులో దిగి ఉస్మానియా విశ్వవిద్యాలయమువైపు పోవువారికి తార్నాకవద్ద విశాలమైన ఆవరణలో జాతీయ పోషకాహార సంస్థ కనబడును. వైశాఖమాసపు మధ్యాహ్నమున ఆ దారిన నడచు ఆడవారు కొంగు తలపైకి లాగికొందురు. మగవారు చేతిలోని కాగితమునే గొడుగు చేసికొందురు. ఎండను తప్పించుకొనుట మనకు నిత్యకృత్యము. అట్టి ఊరిలో కూర్చుండి, ఎండ చాలనందువలన కలుగు జబ్బును గూర్చి ముచ్చటించుట వింతగా తోచవచ్చును. ఆ వింతయే ఈ ప్రసంగమునకు వస్తువు. సూర్యుడు నడినెత్తిన వెలుగుచుండగా ఆ వెలుగు మన ఎముకలకు ఎందుచేత అందకపోయినది? ఆ సంగతి గుర్తించుటకు మనకు అన్నేండ్లు ఎందుకు పట్టినది?

ముందుగా ఆ పదార్థమును గూర్చి రెండు మాటలు. మనము తిను ఆహారములోని కాల్షియం ప్రేగులనుండి రక్తములోనికి చక్కగా చేరవలెనన్న విటమిన్ డి కావలెను. అది చాలనిచో పసిపిల్లల ఎముకలు గట్టిపడవు; నడక నేర్చిన బిడ్డ కాళ్ళు ఒంటిబరువుకు విల్లువలె వంగును. దీనినే రికెట్స్ అందురు. పెద్దలలోనైతే ఎముకలు మెత్తబడి నడుము నొప్పి, తొడల నొప్పి, మెట్లెక్కలేని నీరసము కలుగును. స్త్రీలకు కటి ఎముకలు వంకరపోయి కాన్పు ప్రాణముమీదికి వచ్చుటయు కలదు. తక్కిన విటమినులు ముఖ్యముగా ఆహారమునుండి రావలెను. ఇది మాత్రము చర్మమునకు ఎండ సోకినప్పుడు, అందులోని అతినీలలోహిత కిరణముల ప్రభావమున మన చర్మములోనే తయారగును. పిదప కాలేయములోను, మూత్రపిండములలోను మార్పుచెంది పనికివచ్చును.

ఈ జబ్బును మొదట గ్రంథస్థము చేసినది ఎండ తక్కువగా గల ఇంగ్లండు దేశమువారు. 1645లో విస్లర్, 1650లో గ్లిసన్ అను వైద్యులు దీనిని వర్ణించిరి. కర్మాగారముల పొగ నగరములను కమ్మిన పిమ్మట ఇది ఐరోపా నగరములలోని పేదపిల్లలను విపరీతముగా పట్టి పీడించెను. 1822లో స్నియాదెట్స్కీ అను పోలండు వైద్యుడు పల్లెపిల్లలకంటె వార్సా నగరపు పిల్లలకే ఇది హెచ్చుగా వచ్చుట గమనించి, ఎండయే దీనికి మందని చెప్పెను. 1890లో పామ్ అను ఆంగ్ల వైద్యుడు దేశదేశములలోని వైద్యులనుండి లేఖలు తెప్పించుకొని, ఎండ కాయు దేశములలో రికెట్స్ అరుదని నిరూపింపబూనెను. అప్పటికి వారి మాట లోకము చెవిని సోకలేదు.

1919లో రెండు పరిశోధనలు ఒకదానికొకటి ఎదురుగా నిలిచినవి. బెర్లినులో హుల్డ్‌షిన్‌స్కీ పాదరసపు దీపకాంతితో రోగులైన పిల్లల ఎముకలను గట్టిపరచెను. లండనులో మెల్లన్‌బీ కుక్కపిల్లలపై ప్రయోగములు చేసి, కాడ్ చేప కాలేయపు నూనెతో రికెట్స్ నివారణమగునని చూపెను. ఒకరికి వెలుగు మందు, మరియొకరికి నూనె మందు. రెండును ఒక్క పదార్థమునకే దారులని తరువాత తేలినది. 1922లో అమెరికాలో మెకాలం ఆ నూనెలోని గుణమును విటమిన్ ఏ నుండి వేరుపరచెను. నాలుగవదిగా దొరకినందున దానికి డి అను అక్షరము దక్కినది. ఈ జాతి పదార్థముల రసాయన నిర్మాణమును శోధించిన విన్‌డౌస్ అను జర్మను పండితునకు 1928లో నోబెల్ బహుమానము లభించినది.

పామ్ సిద్ధాంతము ప్రకారము ఎండలు మండు హిందూదేశమున ఈ జబ్బు ఉండరాదు. కాని ఉండెను. 1922లో హచిసన్, షా అను వైద్యులు నాసిక్ ప్రాంతమున తాము చూచిన దానిని ప్రకటించిరి. పొలములో పనిచేయు కూలివాని బిడ్డకు తిండి చాలదు, అయినను రికెట్స్ లేదు. కలవారి ఇంట బిడ్డకు పాలు, నెయ్యి లోటు లేదు. అయినను ఎముకలు వంగినవి. ఆ బిడ్డయు, ఆ బిడ్డ తల్లియు ఘోషాలో, చీకటి గదిలో కాలము గడపుటయే అందులకు కారణము. 1928లో కాత్లీన్ వాన్ అను వైద్యురాలు కాశ్మీరమున తాను చూచిన కాన్పుల కష్టములను ఒక గ్రంథముగా వ్రాసి, పరదా పద్ధతి తల్లుల ఎముకలను ఎట్లు గుల్లపరచుచున్నదో లోకమునకు తెలిపెను. ఎండ ఆకాశమున ఉన్నంత మాత్రమున చాలదనియు, అది ఇంటి గడప దాటి లోనికి రావలెననియు, లేదా మనిషియైన గడప దాటి బయటికి పోవలెననియు వీరి రచనలు చాటినవి. ఘోషా పాటించు ఇండ్లు మన నిజాము రాజ్యములోను తక్కువ కాదు. ఎత్తైన గోడల దేవిడీలలో పుట్టి పెరిగినవారికి ఈ మాటలు ఎంత దగ్గరివో చెప్పనక్కరలేదు.

ఇక తార్నాకలోని సంస్థ సంగతి. దీని పుట్టుక ఇక్కడిది కాదు. 1918లో నీలగిరులలోని కూనూరులో మెక్‌కారిసన్ అను సైనిక వైద్యుడు బెరిబెరి వ్యాధిని విచారించుటకై చిన్న పరిశోధనశాలను నెలకొల్పెను. అదియే క్రమముగా పోషకాహార పరిశోధనశాలగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందెను. ఆనాటి శాస్త్రజ్ఞుల ముందు నిలిచిన సమస్యలు చిన్నవి కావు. తిండి చాలక ఒళ్ళు ఉబ్బు పిల్లలు, విటమిన్ ఏ లేక చూపు పోగొట్టుకొను పిల్లలు, జొన్నలే ఆధారముగా బ్రదుకు తెలంగాణపు పేదలకు వచ్చు పెల్లాగ్రా — ఇవి కంటి యెదుట ఉండెను. డాక్టర్ గోపాలన్, ఆయన సహచరులు వీనిపై చేసిన కృషి జగద్విఖ్యాతము. పిల్లలకు ఆరునెలలకొకసారి పెద్ద మోతాదున విటమిన్ ఏ ఇచ్చు జాతీయ పథకము 1970లో మొదలగుటకు ఇక్కడి పరిశోధనలే ఆధారము.

ఆ వరుసలో విటమిన్ డి వెనుక బడినది. సూర్యుడు ఉన్నాడు కదా యను ధీమాయే అందులకు కారణము. భారతీయులకు ఏ పోషకము ఎంత కావలెనో తెలుపు పట్టికలలో, ఈ విటమినునకు ఎండయే సమాధానముగా చిరకాలము నిలిచినది. 2010 నాటి పట్టికలో సైతము ఎండ బొత్తిగా తగలనివారికి మాత్రమే దినమునకు 400 యూనిట్లు చెప్పబడినవి.

ఈలోగా ఎముకల కథ మరియొక దారిన మన ముందునకు వచ్చినది. 1973లో ఈ సంస్థవారే నల్లగొండ ప్రాంతపు పల్లెలలో మోకాళ్ళు ఒకదానినొకటి రాచుకొను వంకరకాళ్ళ యువకులను గూర్చి ప్రకటించిరి. పైకి చూడ రికెట్స్ అనిపించును. కాని దాని మూలము బావినీటిలోని ఫ్లోరైడు. వంగిన ఎముక కనబడగానే ఒక్క కారణమునే తలచరాదనియు, నీరు, కాల్షియం, విటమిన్ డి అన్నియు కలిసియే ఎముకను నిలబెట్టుననియు నల్లగొండ నేర్పిన పాఠము.

ధీమాను కదలించినది కొలత. రక్తములో విటమిన్ డి నిలువను కొలుచు పద్ధతులు అందుబాటులోనికి వచ్చిన పిమ్మట, 2000లో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు ఆరోగ్యవంతులనే పరీక్షించిరి. ఆరుబయట కవాతు చేయు సైనికులు తక్కినవారికంటె మెరుగుగా నుండిరి. దినమంతయు ఆసుపత్రిలో గడపు వైద్యులకు, నర్సులకు నిలువ చాలలేదు. మందు వ్రాయు చేతికే మందు కావలసివచ్చినది! 2002లో ప్రకటితమైన మరియొక పరిశోధనలో, ఢిల్లీలో పొగ దట్టముగా కమ్మిన పేటలోని పసిపిల్లల రక్తమున మిల్లీలీటరుకు సుమారు 12 నానోగ్రాములు, గాలి శుభ్రముగా నున్న పేటలోని పిల్లలకు సుమారు 27 నానోగ్రాములు తేలినవి. రెండు పేటలపైనను కాసినది ఒక్క సూర్యుడే.

అది ఉత్తరదేశపు సంగతి యని మనము ఊరడిల్లుటకు వీలులేకుండ, 2007లో తిరుపతినుండి వార్త వచ్చెను. అక్కడి వైద్యులు పట్నవాసులను, చుట్టుపట్ల పల్లెలవారిని పరీక్షించిరి. పొలము పనిచేయు పల్లెవారి నిలువ పట్నవాసులకంటె ఎక్కువే. కాని రెండుచోట్లను చాలినంత లేనివారు పెక్కుమంది. దానికి తోడు భోజనములో కాల్షియం తక్కువ. ధాన్యములలోని ఫైటేటు ఆ ఉన్న కొంచెమును కూడ ఒంటికి పట్టనీయదు. ఏడుకొండలవాని సన్నిధిని, ఏడాది పొడుగునను ఎండ కాయుచోటనే ఈ స్థితి.

తిరుపతివారే మరొక పరీక్ష చేసిరి. చర్మములోని మూలపదార్థమును గాజు గొట్టములలో నింపి, వేర్వేరు వేళల ఎండలో ఉంచి, ఎప్పుడు అది విటమినుగా మారునో చూచిరి. ఉదయము పదకొండు మొదలు మధ్యాహ్నము రెండువరకు గల వేళయే శ్రేష్ఠమని తేలినది. ఇది మన ఇండ్లలో ఆలోచింపవలసిన మాట. పసిబిడ్డకు నూనె రాచి, కాళ్ళమీద పరుండబెట్టి నీళ్ళు పోసి, నీరెండలో కాసేపు ఉంచుట మన అమ్మమ్మల ఆచారము. ఎండ బిడ్డకు మేలని వారు గ్రహించిరి. అది వారి వివేకము. కాని ప్రాతఃకాలపు నీరెండలో విటమినును తయారుచేయు కిరణములు మిక్కిలి తక్కువ. మన నీడ మనకంటె పొట్టిగానున్న వేళ ఎండ పనిచేయునని గుర్తు పెట్టుకొనవచ్చును. అట్లని వేసవిలో ఒళ్ళు కాల్చుకొనరాదు. లేత బిడ్డను నడిమిట్ట ఎండలో ఉంచరాదు. పెద్దవారు ముఖము, చేతులు కొద్దిసేపు ఎండకు చూపుట మేలు. చామనచాయవారికి తెల్లనివారికంటె ఎక్కువసేపు కావలెను. గాజు కిటికీ వెనుక కూర్చున్న ఎండ వెచ్చదనమునిచ్చును గాని విటమిను నీయదు.

ఎండ అందనివారికి ప్రభుత్వము చేయదగినదేమి? స్కాట్లండులోని గ్లాస్గో నగరము ఒక దారి చూపినది. మన ఉపఖండమునుండి వలసపోయిన కుటుంబములలో రికెట్స్ ఉన్నదని 1962లో అక్కడి వైద్యులు ప్రకటించిరి. 1979లో ఆ పిల్లలకు ఉచితముగా విటమిన్ డి చుక్కల మందు పంచుట మొదలిడగా జబ్బు వెనుకంజ వేసినది. అయితే అతి కూడదని బ్రిటను అనుభవమే చెప్పుచున్నది. శిశువుల పాలపొడిలోను, ఇతరాహారములలోను ఈ విటమినును హెచ్చుగా కలుపగా కొందరు పిల్లల రక్తమున కాల్షియం ప్రమాదకరముగా పెరిగినది. 1957లో ఆ మోతాదును తగ్గించిరి.

మన దేశమున 2018లో వెలువడిన నిబంధనల ప్రకారము విటమిన్ డి చేర్చిన లీటరు పాలలో 200 నుండి 300 యూనిట్లు ఉండవలెను. 2020 నాటి పట్టిక పెద్దలకు దినమునకు 600 యూనిట్లు కావలెనన్నది. లెక్క చూడుడు: పావు లీటరు పాలు త్రాగువానికి అందునది 50 నుండి 75 యూనిట్లు, అనగా ఎనిమిదవ వంతునకు మించదు. పాలు కొనలేని ఇంటికి అదియు లేదు. శిశువులకు మొదటి సంవత్సరమున దినమునకు 400 యూనిట్ల చుక్కల మందు ఇయ్యవలెనని పిల్లల వైద్యుల సంఘము చెప్పుచున్నది. అది వైద్యుని సలహాతో, కొలతతో జరుగవలెను గాని అంగడిలోని పెద్ద మోతాదు పొట్లములను ఎవరికి వారు కొని మ్రింగరాదు.

నా సంగతియు చెప్పుకొనవలెను. కిటికీ లేని స్టూడియోలో ఇరువదేండ్లుగా మాటలాడుచున్నాను. తెల్లవారకముందు వచ్చి ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ఇల్లు చేరిన దినములు అనేకము. మెట్లెక్కునప్పుడు మోకాళ్ళు మొరాయింపగా వైద్యుడు రక్తపరీక్ష చేయించి, మీకు ఎండ కరవు అని నవ్వెను. నాకు మందు దొరకినది. సికిందరాబాదు ఇరుకు సందులలో ఒంటిగదిలో బీడీలు చుట్టుచునో, కుట్టుపని చేయుచునో దినము గడపు ఇల్లాలికి ఆ వైద్యుడెవరు, ఆ పరీక్ష యెక్కడ? పాఠశాలకు ఆటస్థలము లేక గదిలోనే ఎదుగు ఆడపిల్లకు ఎండ ఎవరు పంచుదురు? నీటి కొళాయి, మురుగు కాలువ పురపాలకుల బాధ్యత లయినట్లే, ప్రతి పేటకు ఆరుబయలు, ప్రతి బడికి ఆటస్థలము ఉండునట్లు చూచుటయు వారి బాధ్యతయే. అంతవరకు మన చేతనైనది మనము చేయుదము. రేపు భోజనమునకు ముందు పిల్లలను, ఇంటిలోని పెద్దవారిని కొద్దిసేపు పెరటిలోనికో, డాబామీదికో వెంటబెట్టుకొని పొండు.