మాటలతో వైద్యం: మానసిక చికిత్సలో రకాలు, అవి ఎట్లా పనిచేస్తాయి



బిడ్డకు జ్వరం వస్తే రెండో రోజే ఆసుపత్రికి తీసుకుపోతాం. అదే బిడ్డ నెల రోజులుగా సరిగ్గా తినకుండా, నిద్రపోకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే "వయసు అట్లాంటిదిలే" అని ఊరుకుంటాం. ఇంకా ఎక్కువైతే తాయెత్తు కట్టిస్తాం. "మనసు డాక్టరు దగ్గరికి పోదాం" అని ఎవరైనా అంటే "మా బిడ్డకేమైనా పిచ్చా?" అని కోపం వస్తుంది. ఈ ఒక్క మాట వల్లనే శానా మంది పిల్లలకు అందాల్సిన సాయం ఆలస్యమౌతోంది.

మానసిక సమస్యల్లో దాదాపు మూడో వంతు 14 ఏళ్ళ వయసులోపే మొదలౌతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బెంగళూరు నిమ్హాన్స్ వారు 2015-16లో మన తమిళనాడుతో సహా 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు. అందులో 13 నుండి 17 ఏళ్ళ పిల్లల్లో వందకు ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక ఇబ్బంది ఉన్నట్టు తేలింది. అంటే 40 మంది ఉండే తరగతి గదిలో ఇద్దరో ముగ్గురో ఉండవచ్చు. అందుకే ఈ విషయం అందరూ తెలుసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

మానసిక చికిత్స అంటే ఏమి?

ఇంగ్లీషులో దీన్ని సైకోథెరపీ అంటారు. శిక్షణ పొందిన నిపుణులు రోగితో ఒక పద్ధతి ప్రకారం మాట్లాడి, కొన్ని అభ్యాసాలు చేయించి, బాధను తగ్గించే వైద్యం ఇది. మామూలుగా ఒక్కో విడత 45 నిమిషాల నుండి గంట దాకా ఉంటుంది. వారానికి ఒకసారి చొప్పున కొన్ని వారాలు, అవసరమైతే కొన్ని నెలలు సాగుతుంది.

"మాట్లాడితే రోగం పోతుందా? మాట్లాడేదానికి ఇంట్లో మనం లేమా?" అని కొందరు అడుగుతారు. ఇంట్లోవాళ్ళ మాట తప్పకుండా కావాల్సిందే. కానీ ఇంట్లో మనం వినేదానికన్నా ముందే తీర్పు చెప్పేస్తాం. "ఇంతదానికే ఏడుస్తావా?" అంటాం. నిపుణుడు అట్లా అనడు. తాను విన్నది బయటికి పోనివ్వడు. ఏ భయానికి ఏ అభ్యాసం పనిచేస్తుందో చదువుకుని వచ్చినవాడు.

ఇందులో ముఖ్యమైన రకాలు ఇవి.

1. మనోవిశ్లేషణ

ఆస్ట్రియా దేశంలోని వియన్నా నగరంలో 1880ల్లో జోసెఫ్ బ్రాయర్ అనే వైద్యుడు ఒక యువతికి చికిత్స చేశాడు. తన మనసులోని జ్ఞాపకాలు చెప్పుకునే కొద్దీ ఆమెకు కొన్ని లక్షణాలు తగ్గుతూ వచ్చాయి. ఆ పద్ధతికి "మాటల వైద్యం" అని పేరు పెట్టింది కూడా ఆమే. బ్రాయర్‌తో కలిసి పనిచేసిన సిగ్మండ్ ఫ్రాయిడ్ దీన్ని మనోవిశ్లేషణగా పెంచాడు. మనకు తెలియకుండా లోపల అణిగి ఉన్న కోరికలు, భయాలు, చిన్ననాటి దెబ్బలు ఇప్పటి ప్రవర్తనను నడిపిస్తాయని, వాటిని మాటల్లోకి తెస్తే పట్టు సడలుతుందని ఈ పద్ధతి నమ్మకం. మన దేశంలో గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని మొదలుపెట్టారు. ఇది ఎక్కువ కాలం పట్టే పద్ధతి. దీని నుండి పుట్టిన, తక్కువ కాలంలో ముగిసే పద్ధతులను ఈ రోజుల్లో ఎక్కువగా వాడుతున్నారు.

2. ప్రవర్తన చికిత్స

భయం ఎట్లా నేర్చుకున్నామో, దాన్ని పోగొట్టుకోవడం కూడా అట్లే నేర్చుకోవచ్చు అనేది దీని సూత్రం. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే ఆమె, కుందేలంటే భయపడే పీటర్ అనే చిన్న పిల్లాడి గురించి రాసింది. వాడు ఇష్టమైన తిండి తింటూ ఉంటే కుందేలును దూరంగా ఉంచారు. రోజురోజుకూ కొంచెం కొంచెం దగ్గరికి తెచ్చారు. చివరికి వాడు కుందేలును చేత్తో తాకగలిగాడు.

తరగతిలో లేచి నిలబడి చదవాలంటే వణికే బిడ్డకు కూడా ఇదే దారి. మొదట ఇంట్లో అద్దం ముందు చదవాలి, తర్వాత అవ్వ ముందు, తర్వాత ఇద్దరు స్నేహితుల ముందు, ఆ తర్వాత తరగతిలో. ఒక మెట్టు అలవాటైన తర్వాతే ఇంకో మెట్టు ఎక్కాలి. "ఒకేసారి స్టేజి ఎక్కించేస్తే భయం పోతుంది" అని తోసేస్తే మాత్రం భయం రెట్టింపు కావచ్చు.

చేతులు పదే పదే కడుక్కునే, తలుపు గడియ పదిసార్లు చూసుకునే ఓ.సి.డి. అనే జబ్బుకు కూడా ఈ కోవలోని చికిత్స ఉంది. చేతికి మట్టి తగలనిచ్చి, వెంటనే కడుక్కోకుండా ఆపుకోవడం నిపుణుడి సమక్షంలో అభ్యాసం చేయిస్తారు. కడుక్కోకపోయినా ఏ ఆపదా రాలేదని, ఆందోళన దానంతట అదే తగ్గుతుందని మనసు నేర్చుకుంటుంది.

3. ఆలోచన, ప్రవర్తన చికిత్స (సి.బి.టి.)

ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువగా పరిశోధన జరిగిన పద్ధతి ఇది. 1950ల్లో ఆల్బర్ట్ ఎల్లిస్, 1960ల్లో ఆరన్ బెక్ అనే ఇద్దరు అమెరికన్లు దీనికి పునాది వేశారు. జరిగిన సంగతి కన్నా దాన్ని గురించి మనం అనుకునేదే మనల్ని ఎక్కువ బాధిస్తుంది అనేది దీని మూలం.

మన బిడ్డల సంగతే చూడండి. తమిళనాడులో 2006 చట్టం తర్వాత అన్ని బడుల్లోనూ తమిళం తప్పనిసరి పాఠమైంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, పరీక్షలో తమిళం. పరీక్షలో తమిళానికి 30 మార్కులు వచ్చిన బిడ్డ "నాకు తమిళం రాదు, పదో తరగతి పాసు కాలేను, మా నాయన పరువు పోతుంది, నేను దేనికీ పనికిరాను" అనుకుందనుకోండి. నిజంగా జరిగింది ఒకటే, 30 మార్కులు రావడం. తక్కినదంతా మనసు అల్లిన గొలుసు. సి.బి.టి.లో ఆ గొలుసును కాగితం మీద రాయిస్తారు. ఒక్కో ఆలోచనకు "దీనికి ఆధారం ఏమి? దీనికి వ్యతిరేకంగా ఆధారం ఏమి?" అని అడుగుతారు. వ్యాకరణంలో ఎక్కడ తప్పులు పోతున్నాయో చూసి, రోజుకు అరగంట దానికి కేటాయించడం లాంటి చిన్న పని ఒకటి అప్పగిస్తారు. అంటే దీంట్లో హోంవర్కు ఉంటుంది. దిగులు, ఆందోళన, పరీక్షల భయం లాంటివాటికి ఇది బాగా పనిచేస్తుంది. మామూలుగా 12 నుండి 20 విడతల్లో ముగుస్తుంది.

4. వ్యక్తి కేంద్ర చికిత్స

కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1940, 50 దశకాల్లో తెచ్చిన పద్ధతి. ఇందులో నిపుణుడు సలహాలు గుప్పించడు. తప్పొప్పులు ఎంచకుండా, ఎదుటివాడి బాధను వాడి వైపు నుండి అర్థం చేసుకుంటూ, నిజాయితీగా వింటాడు. అట్లా వినే మనిషి దొరికితే ఎవరైనా తన దారి తానే వెతుక్కోగలడని రోజర్స్ నమ్మాడు. ఈ రోజు బడుల్లో జరిగే కౌన్సిలింగుకు ఇది ఒక ఆధారం. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కూడా ఇందులో కొంత నేర్చుకోవచ్చు.

5. ఆటల చికిత్స

ఐదారేళ్ళ బిడ్డను కూర్చోబెట్టి "నీ బాధ ఏమి?" అని అడిగితే చెప్పలేదు. కానీ బొమ్మలతో ఆడేటప్పుడు, బొమ్మలు గీసేటప్పుడు అది బయటపడుతుంది. 1947లో వర్జీనియా ఆక్స్‌లైన్ అనే ఆమె దీని మీద పుస్తకం రాసింది. ఇంట్లో చావు, తల్లిదండ్రుల గొడవలు, ఒంటి మీద చెయ్యి వేసినవాళ్ళు, ఇట్లాంటివి చూసిన చిన్న పిల్లలకు ఇది పనికొస్తుంది.

6. కుటుంబ చికిత్స

కొన్నిసార్లు బిడ్డకు వచ్చే కడుపు నొప్పికి కారణం బిడ్డ కడుపులో ఉండదు. అమ్మానాయనలు రోజూ పోట్లాడుకునే ఇంట్లో, నైట్ షిఫ్టు నుండి వచ్చే నాయన తాగి వచ్చే ఇంట్లో, బిడ్డ ఒక్కదానికే వైద్యం చేస్తే లాభం లేదు. కుటుంబాన్ని మొత్తం కూర్చోబెట్టి మాట్లాడతారు.

ఇందులో మన దేశం ప్రపంచానికి దారి చూపింది. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆవరణలోనే డేరాలు వేసి రోగులతో పాటు ఉండనిచ్చారు. రోగులు త్వరగా కోలుకున్నారు, ఇంటివాళ్ళకు భయం పోయింది. వేలూరు సి.ఎం.సి. మానసిక ఆరోగ్య కేంద్రంలో కూడా ఇంటివాళ్ళు రోగితో ఉండే పద్ధతి ఉంది. నిమ్హాన్స్‌లో కుటుంబ చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది.

7. బృంద చికిత్స

ఒకే రకం ఇబ్బంది ఉన్న కొందరు కలిసి కూర్చుని, నిపుణుడి సాయంతో మాట్లాడుకోవడం. "నాకొక్కడికే ఇట్లా ఉంది" అన్న ఒంటరితనం మొదటి రోజే సగం తగ్గుతుంది. దీనికి దగ్గరి సంగతి ఇంకొకటి ఉంది. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం 1935లో అమెరికాలో మొదలై ఇప్పుడు మన దేశంలోనూ నడుస్తోంది. అది వైద్యం కిందికి రాదు గానీ శానా మందికి ఆసరా.

మందులు కూడా కావాలా?

కొన్ని జబ్బులకు కావాలి. లేని మాటలు వినిపించడం, లేనివి కనిపించడం లాంటి తీవ్రమైన జబ్బులకు మందులే మొదటి వైద్యం, మాటల చికిత్స దానికి తోడు. మధ్యరకం దిగులుకు, ఆందోళనకు చాలాసార్లు మాటల చికిత్సతోనే మొదలుపెడతారు. ఏది కావాలో డాక్టరు చెప్పాలి. మంచిగా ఉంది గదా అని మధ్యలో మందులు ఆపేయడం మంచిది కాదు.

ఎవరి దగ్గరికి పోవాలి?

సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటల చికిత్స చేస్తారు. వారికి భారత పునరావాస మండలి (ఆర్.సి.ఐ.) రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉందా అని అడగడం మీ హక్కు, సిగ్గుపడనక్కరలేదు. "మూడు రోజుల్లో నయం చేస్తాం" అనేవాళ్ళను, బిడ్డను కట్టేయాలి, కొట్టాలి అనేవాళ్ళను నమ్మకండి.

2001 ఆగస్టు 6న మన రాష్ట్రంలోనే రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఒక ఆశ్రయ గృహంలో నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల పారిపోలేక 28 మంది కాలిపోయారు. వాళ్ళను అక్కడ వదిలింది నయమౌతుందని ఆశపడ్డ ఇంటివాళ్ళే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగిని గొలుసులతో కట్టడం నిషేధం. ప్రభుత్వం నుండి మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు. రోగి సంగతులు గుట్టుగా ఉంచాలని కూడా ఆ చట్టమే చెబుతోంది. గుడికి, దర్గాకు, చర్చికి పోవద్దని నేను అనను. పోయి దండం పెట్టుకుని, ఆసుపత్రికి కూడా పోండి.

మనకు దగ్గరలో

నిమ్హాన్స్ మన జూజువాడి నుండి సుమారు 30 కిలోమీటర్లు. మన ముందరున్న ఈ హోసూరు రోడ్డు మీదే ఉంది. 1847లో మొదలైన పాత పిచ్చాసుపత్రి ఎన్నో మార్పుల తర్వాత 1974లో నిమ్హాన్స్ అయ్యింది. పిల్లలకు అక్కడ వేరే విభాగం ఉంది. కృష్ణగిరి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో కూడా విచారించవచ్చు.

ఇంకో ముఖ్యమైన సంగతి భాష. లెక్కలు ఏ భాషలోనైనా చేయవచ్చు గానీ ఏడుపు అమ్మ భాషలోనే వస్తుంది. మనసులో ఉన్నదాన్ని తమిళంలోనో ఇంగ్లీషులోనో చెప్పమంటే బిడ్డ తప్పులు పోతాయేమో అనే భయంతో సగం మింగేస్తుంది. అందుకే చీటీ రాయించుకునేటప్పుడే "తెలుగు మాట్లాడే వారు ఉన్నారా?" అని అడగండి.

టెలి మానస్ అనే కేంద్ర ప్రభుత్వ ఫోను సేవ 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు మొదలైంది. నంబరు 14416. డబ్బు పడదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. తమిళనాడు ప్రభుత్వ ఆరోగ్య సేవ 104. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098.

తల్లిదండ్రులు గమనించవలసినవి

రెండు వారాలకు పైగా నిద్ర, తిండి మారిపోవడం. ఇష్టమైన ఆటలు వదిలేయడం. చదువు ఉన్నట్టుండి పడిపోవడం. బడికి పోయే ముందు రోజూ తలనొప్పి, కడుపు నొప్పి. ఒంటి మీద కోసుకున్న గాట్లు. "నేను లేకపోతే మీకు బాగుంటుంది" అనే మాటలు. చివరి రెండింటిలో ఏది కనిపించినా రెండు వారాలు ఆగకండి. ఆ రోజే 14416కు ఫోను చేయండి, బిడ్డను ఒంటరిగా వదలకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అడిగినందుకు బిడ్డకు బరువు దిగుతుంది.

విద్యార్థులకు ఒక మాట. మీ స్నేహితుడు "ఎవరికీ చెప్పొద్దు" అని ఒట్టు వేయించుకుని చావు మాట చెబితే, ఆ ఒట్టు పట్టించుకోనక్కరలేదు. వెంటనే ఒక పెద్దవాళ్ళకు చెప్పండి. అది చాడీ చెప్పడం కిందికి రాదు.

ఈ విషయంగా తల్లిదండ్రులు గానీ, పిల్లలు గానీ బడి పని దినాల్లో సాయంత్రం బడి వదిలిన తర్వాత నన్ను కలవవచ్చు. తరగతి ఉపాధ్యాయులకు చెప్పినా సరే. మాట్లాడినది హాజరు పట్టీలో ఎక్కదు, టి.సి.లో రాయబడదు, ఇంకో బిడ్డకు తెలియదు. బిడ్డ ప్రాణానికి ఆపద ఉందనిపిస్తే మాత్రం ఇంటివాళ్ళకు, డాక్టరుకు చెప్పక తప్పదు. ఆ సంగతి కూడా ముందే బిడ్డకు చెప్పే మొదలుపెడతాం.

— ప్రధానోపాధ్యాయుడు