కుదుపుల వైద్యం

పందొమ్మిదో శతాబ్దం చివర్లో పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రికి దూరాభారాల నుంచి పార్కిన్సన్స్ రోగులు వచ్చేవారు. ఆనాటి రైలుపెట్టెల కుదుపులకు ఆరోగ్యవంతులకే ఒళ్ళు హూనమయ్యేది. ఈ రోగులు మాత్రం రైలు దిగేసరికి ప్రాణం తేలికపడిందని చెప్పేవారు. దారి ఎంత కుదిపితే వాళ్ళకు అంత హాయి! మోకాళ్ళ నొప్పులకు ఇప్పుడు ఫిజియోథెరపీలో వాడుతున్న కంపన చికిత్స ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెతుకుతుంటే ఈ ముచ్చట దొరికింది. దొరికిన దగ్గర్నుంచీ నన్ను వదల్లేదు.

ఆ మాటను చెవిన వేసుకున్నవాడు జాన్ మార్టిన్ షార్కో. నాడీవైద్యానికి పునాదులు వేసిన మహానుభావుడు. 1885లో వియన్నా నుంచి ఫ్రాయిడ్ వచ్చి కూర్చున్నది ఈయన పాఠాలకే. అంతటివాడు రోగుల మాటను కొట్టిపారేయలేదు. రైలు చేసే పనిని ఆసుపత్రిలోనే చేయించాలని, మోటారుతో వణికే కుర్చీ ఒకటి కట్టించాడు. రోగిని అందులో అరగంట కూర్చోబెట్టేవారు. కొన్నాళ్ళకు ఒళ్ళు తేలికైందనీ, రాత్రి నిద్ర పడుతోందనీ వాళ్ళు చెప్పారు. చేతుల వణుకు మాత్రం తగ్గలేదు. షార్కో ఆ సంగతీ దాచలేదు. 1892లో కంపన వైద్యం మీద ప్రసంగించి ఇదంతా లోకానికి చెప్పాడు. ఆయన శిష్యుడు జిల్ ద లా టూరెట్ ఇంకో అడుగు ముందుకేసి, పార్శ్వపు నొప్పికీ దిగులుకూ వణికే శిరస్త్రాణం తయారుచేయించాడు. టోపీల వ్యాపారులు తల కొలతలు తీసుకునే ఉక్కుబద్దీల పరికరమే దానికి నమూనా.

నిజానికి ఈ ఊహ అంతకన్నా పాతది. 1730ల్లోనే అబే ద సెయింట్ పియెర్ అనే ఫ్రెంచి మతాచార్యుడు, గుర్రపుబండి ప్రయాణం దిగులును పోగొడుతుందని నమ్మి, ఇంట్లోనే ఆ కుదుపులిచ్చే కుర్చీని ప్రచారం చేశాడు. దేశాల మధ్య శాశ్వత శాంతికి పథకం రాసినవాడూ ఈయనే. ఆ కుర్చీని వాడినవాళ్ళలో వోల్టేర్ ఒకడు.

1893లో షార్కో పోయాడు. కుర్చీ అటకెక్కింది. 2012లో చికాగోలోని రష్ విశ్వవిద్యాలయ వైద్యులు ఆ ప్రయోగాన్ని మళ్ళీ చేశారు. కొందరిని వణికే కుర్చీలోనూ, కొందరిని వణకని కుర్చీలోనూ కూర్చోబెట్టారు. రెండు గుంపులకూ కాస్త మెరుగే కనిపించింది, వణికినవాళ్ళది చెప్పుకోదగ్గంత ఎక్కువేమీ కాదు. అయినా నాకు షార్కో మీద గౌరవం తగ్గలేదు. రోగి నోట వచ్చిన ఒక్క మాటను పట్టుకుని యంత్రం దాకా వెళ్ళిన ఆ ఓపిక ఇవాళ ఏదీ? మోకాలి ఎక్స్‌రే చూసి "గుజ్జు అరిగిపోయింది" అని తేల్చేయడంతో సరి. మెట్లు దిగేటప్పుడు కాలు ఏ మెట్టు దగ్గర పట్టు తప్పుతోందమ్మా అని అడిగే తీరిక పోయింది. ఆ జవాబులో ఎక్స్‌రేకు దొరకని సంగతులుంటాయి.

షార్కో పోయిన తర్వాతి డెబ్భై ఏళ్ళలో కంపనం వైద్యుల చేతుల్లోంచి జారి ఆరోగ్యవిడుదులకూ, ఒళ్ళు తగ్గించే బెల్టు యంత్రాలకూ చేరింది. అమెరికాలో డాక్టర్ కెల్లాగ్ నడిపిన బ్యాటిల్ క్రీక్ శానిటోరియంలో వణికే కుర్చీలు కొలువుదీరాయి. అదే దేశంలో 1918లో ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు కంపనం రెండో ముఖం చూసింది. ఇండియానా రాష్ట్రం బెడ్‌ఫర్డ్‌లో గాలియంత్రాలతో సున్నపురాయి చెక్కే కార్మికులకు చలిలో వేళ్ళు తెల్లగా పాలిపోయి మొద్దుబారేవి. ఆ యంత్రాల అదురే అందుకు కారణం. మేలైనా కీడైనా మోతాదును బట్టే.

అసలు మలుపు 1966లో స్వీడన్‌లో వచ్చింది. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువు మీద వేగంగా అదిరే పరికరం పెడితే, మనిషి ప్రయత్నమేమీ లేకుండానే ఆ కండరం బిగుసుకుంటుందని ఎక్లుండ్, హాగ్‌బార్త్ చూపించారు. కండరం లోపల సాగుదలను పసిగట్టే సూక్ష్మగ్రాహకాలు ఆ అదురును సాగుదలగానే తీసుకుని వెన్నుపాముకు కబురు పంపుతాయి. అక్కణ్ణుంచి బిగుసుకోమని ఆదేశం వస్తుంది.

మోకాలికి దీనితో పని పడింది ఇక్కడే. కీలు వాచినప్పుడు అక్కడి నుంచి వెళ్ళే సంకేతాలు తొడ ముందు కండరాన్ని వెన్నుపాము దగ్గరే అణచివేస్తాయి. మనిషి ఎంత తలచుకున్నా ఆ కండరం పూర్తిగా పనిచేయదు. వాడకం లేక బలం తగ్గుతుంది, భారమంతా కీలు మీద పడుతుంది. అణగిన ఆ కండరాన్ని బయటి అదురుతో తట్టి లేపవచ్చన్నది ఆశ. 2009లో డెన్మార్క్‌లో మోకాలి కీలు అరిగిన స్త్రీలతో ఎనిమిది వారాలపాటు కంపన వేదిక మీద వ్యాయామం చేయించారు. అటూఇటూ ఒరగకుండా నిలిచే కంపన వేదిక మీద చేసినవాళ్ళకు కండరబలం పెరిగింది. నొప్పిలో మాత్రం తేడా కనిపించలేదు. 2015లో రోమ్ వైద్యులు తొడ కండరం మీదే నేరుగా కంపనం పెట్టి, వృద్ధుల నడక, కదలికలు మెరుగుపడ్డాయని రాశారు.

అరిగిన గుజ్జు దీనివల్ల తిరిగి రాదు. తొడకు వ్యాయామం తప్పదు, కంపనం దానికి తోడు మాత్రమే. వేదిక ఎక్కితే మోకాళ్ళు కొంచెం వంచి నిలబడాలి. అప్పుడే అదురు తొడల్లో ఇంకిపోతుంది. కాళ్ళు నిటారుగా బిగిస్తే అది వెన్ను మీదుగా తలదాకా పాకుతుంది.