మెత్తని పట్టు, గట్టి నిలుకడ

సాము, గరిడి అను మాటలు తెలంగాణపు పల్లెలకు క్రొత్తవి కావు. మేడ్చల్, శామీర్‌పేట వైపు ఊళ్ళలో పండుగనాడు ఎవడైన కర్ర త్రిప్పినచో, చూపరుల కన్ను వాని కండల మీద నిలుచును. నేర్పిన ఉస్తాదు కన్ను మాత్రము వాని పాదముల మీద నుండును. నిలుకడ తప్పిన బలము ఎదుటివానికే ఉపకరించునని ఆతడెరుగును. ఈ ఎరుకనే మూలసూత్రముగా గైకొని పెరిగిన విద్యలలో రెండు తూర్పు ఆసియాలో మిక్కిలి ప్రసిద్ధములు: చీనా వారి తైజీచ్వాన్, జపాను వారి ఐకిడో. రెండును మెత్తని విద్యలే. కాని ఆ మెత్తదనము రెండు చోట్ల రెండు త్రోవల వచ్చినది.

తైజీచ్వాన్‌ను జాంగ్ సాన్‌ఫెంగ్ అను యోగి కనిపెట్టెనని చీనాలో ఒక ఐతిహ్యము కలదు. 1930 ప్రాంతమున టాంగ్ హావో అను చరిత్రకారుడు హెనాన్ రాష్ట్రములోని చెన్‌జియాగౌ గ్రామమునకు పోయి విచారించి, ఆ విద్య 17వ శతాబ్దమున ఆ యూరి యోధుడైన చెన్ వాంగ్‌టింగ్ నుండి వచ్చినదని వాదించెను. తరువాతి పండితులు పెక్కురు ఈ మాటనే అనుసరించిరి. చెన్ వంశము వారి విద్యను 19వ శతాబ్దమున పరాయివాడైన యాంగ్ లూచాన్ అభ్యసించి బీజింగు నగరమునకు కొనిపోయెను. అతని మనుమడు యాంగ్ చెంగ్‌ఫూ దుముకులు, విసురులు తగ్గించి, వృద్ధులు సైతము చేయదగిన మందగతిని దానికి అలవరచెను.

చెంగ్‌ఫూ పుట్టిన 1883వ సంవత్సరముననే జపానులోని తనబె పట్టణమున మొరిహెయి ఉయెషిబా జన్మించెను. ఇతడు 1915లో హొక్కైడో ద్వీపమున సోకకు తకెదాను కలిసికొని, ఆయన వద్ద దైతో ర్యూ అను కఠినమైన పట్టుల విద్యను నేర్చెను. పిదప ఒమోతో మతబోధల ప్రభావమున, గెలుపనగా ఎదిరిని నలుగగొట్టుట కాదను నిశ్చయమునకు వచ్చెను. సైనిక పాఠశాలలలో బోధించిన ఆ గురువే 1942లో, యుద్ధము నడుమ, రాజధానిని విడిచి ఇవామా గ్రామమున సేద్యమునకు పూనుకొనెను. ఐకిడో అను పేరు స్థిరపడినదియు ఆ యేడే.

అభ్యాసమునందును భేదము కలదు. తైజీ సాధకుడు మొదట ఒంటరిగా, మెల్లగా, ఊపిరి చెదరకుండ ఒక కాలి నుండి మరియొక కాలికి బరువు మార్చుట నేర్చును. పిదప ఇద్దరు చేతులానించి, ఎదిరి బలము ఎటు పోవుచున్నదో స్పర్శచేతనే గ్రహింతురు. దానికి చోటిచ్చి, అది తూలిన క్షణమున నెట్టుదురు. ఐకిడోకు మొదటినుండియు జోడు కావలెను. ఒకడు పట్టుకొనును, రెండవవాడు ప్రక్కకు తిరిగి, ఆ యూపునే గుండ్రముగా మరలించి వానిని పడవేయును. అందుచే దెబ్బ తగులకుండ పడుట అచ్చట తొలి పాఠములలో నొకటి.

ఈ మెత్తదనము మంత్రము కాదు, బలహీనతయు కాదు. కఠినసాధన చేసినవారికే అది చిక్కినది. అంతేకాదు, ఒక వంశము పరాయివానికి తలుపు తెరచుటచే తైజీ లోకమునకు దక్కినది. 2020లో యునెస్కో దానిని మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చినది. మన ఊళ్ళ సాములో మిగిలినదెంతో, అది ఏ వృద్ధుని పాదముల నిలుకడలో దాగియున్నదో, అడిగి నేర్చువారుండిననే తెలియును.