పల్నాడులో బాల్యవివాహాల నిరోధం
పల్నాడులో బాల్యవివాహాల నిరోధం ప్రధానంగా రాష్ట్ర మహిళా, శిశు సంక్షేమ శాఖ బాధ్యత. నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకు ముందు మాచర్ల, గురజాల ప్రాంతాలతో సహా ఇది గుంటూరు జిల్లాలో భాగం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్ర ప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి 18 ఏళ్ళు నిండకముందే వివాహమైంది. దేశ సగటు 23.3 శాతం.

గ్రామంలో పెళ్ళి సంగతి ముందుగా తెలిసేవారిలో అంగన్‌వాడీ కార్యకర్త ఒకరు. ఆమె కూడా ఆ ఊరి మనిషే కావడంతో ఫిర్యాదు చేయడం తేలిక కాదు. బాలల సహాయవాణి 1098కు ఎవరైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.

బాల్యవివాహ నిషేధ చట్టం (2006) 2007 నవంబరు 1న అమలులోకి వచ్చింది. దీని ప్రకారం వధువుకు 18, వరునికి 21 ఏళ్ళు నిండాలి. మేజిస్ట్రేటు ఇచ్చిన నిషేధాజ్ఞను ధిక్కరించి చేసిన పెళ్ళి చెల్లదు. ఆజ్ఞ లేకుండా జరిగిపోయినది మాత్రం సాధారణంగా దానంతటదే రద్దు కాదు. బాల్యంలో పెళ్ళయినవారు మేజరైన రెండేళ్ళలోగా జిల్లా కోర్టును ఆశ్రయించాలి.