నిందితుడైన సైనికుడు: ఎర్రకోట నుంచి మీర్‌పేట వరకు

రెండవ ప్రపంచయుద్ధం ముగిసేదాకా ఆజాద్ హింద్ ఫౌజ్ సంగతులను సెన్సారు భారతీయ పత్రికల్లోకి రానివ్వలేదు. 1945 నవంబరు 5న ఢిల్లీ ఎర్రకోటలో ఆ ఫౌజ్ అధికారులు షానవాజ్ ఖాన్, ప్రేమ్‌కుమార్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌లపై కోర్టుమార్షల్, అనగా సైనికాధికారులే తీర్పరులుగా కూర్చునే విచారణ, మొదలయ్యేనాటికి ఆ కట్టడి సడలింది. అప్పట్లో తెలుగు దినపత్రికల్లో ప్రధానమైన ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ రెండూ మద్రాసులోనే అచ్చయ్యేవి.

ప్రభుత్వం దృష్టిలో ఈ ముగ్గురూ ప్రమాణం తప్పిన ద్రోహులు. చక్రవర్తిపై యుద్ధం చేశారన్న అభియోగంతోపాటు హత్య, హత్యకు ప్రేరణ అనే అభియోగాలనూ వారిపై మోపింది. అయితే ఒక ముస్లిం, ఒక హిందువు, ఒక సిక్కు ఒకే బోనులో నిలబడటం, విముక్తికోసం ఆయుధం పట్టే హక్కు పరాధీన జాతికి ఉందని వారి న్యాయవాది భూలాభాయ్ దేశాయ్ వాదించడం, ఆ విచారణకు పత్రికలను అనుమతించడం అన్నీ కలిసి నిందితులను జాతివీరులుగా నిలబెట్టాయి. పత్రికలు ఆ పక్షాన నిలవడం న్యాయమే. కాని బర్మాలోని పోపా ప్రాంతంలో ఫౌజ్ క్రమశిక్షణ పేరిట కాల్చివేతకు గురైన నలుగురు సిపాయిలూ, మహమ్మద్ హుస్సేనూ భారతీయులే. దేశమంతటా మారుమోగిన నినాదాల్లో వారి పేర్లు వినబడలేదు. షానవాజ్‌పై హత్యాప్రేరణ నేరం రుజువైనట్లు న్యాయస్థానం తేల్చినా, 1946 జనవరి 3న సేనాధిపతి ఆకిన్‌లెక్ ముగ్గురి యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్షను రద్దుచేయడంతో ప్రజల మనసులో మిగిలింది ఆ విడుదల ఒక్కటే.

1959లో బొంబాయిలో భార్య ప్రియుడిని కాల్చిచంపిన నౌకాదళ కమాండర్ నానావతి కూడా ఇక్కడ ప్రస్తావించదగినవాడు. బ్లిట్జ్ వారపత్రిక అతని తెల్లని యూనిఫారాన్నే శీలానికి సాక్ష్యంగా చూపింది. జ్యూరీ నిర్దోషి అన్నా హైకోర్టు యావజ్జీవ శిక్ష విధించింది, 1961లో సుప్రీంకోర్టు దానిని ఖరారు చేసింది. హతుడు ప్రేమ్ అహూజా మాత్రం పత్రికా పాఠకులకు విలాసపురుషుడిగానే మిగిలిపోయాడు.

2025 జనవరిలో హైదరాబాద్ శివారు మీర్‌పేటలో భార్యను చంపాడన్న ఆరోపణపై పోలీసులు అరెస్టుచేసిన వ్యక్తి పూర్వం సైన్యంలో పనిచేసి, తర్వాత కాపలా ఉద్యోగంలో చేరినవాడు. ఈసారి 'మాజీ జవాను' అన్న మాట గౌరవానికి గాక భయానికి గుర్తుగా శీర్షికలకెక్కింది. న్యాయస్థానం అప్పటికింకా తేల్చని ఆరోపణను టెలివిజన్ చానెళ్లు మృతదేహాన్ని మాయం చేసిన తీరుగా, వంటపాత్రల వర్ణనగా రోజులతరబడి వినిపించాయి. ఆమె ఎలా బతికిందో, ఆ ఇంట్లో ఎన్నాళ్లుగా ఏమేమి భరించిందో అడిగినవారు అరుదు.