ఎఫెసు పత్రికలోని ‘సంఘము’, విశాఖ రేవులో దాని తెలుగు

కొత్త నిబంధనలో అపొస్తలుడైన పౌలు పేరుతో ఉన్న లేఖ ఎఫెసు పత్రిక; దాని మూడో అధ్యాయం పదో వచనం మతగ్రంథాల్లో సాధారణంగా కనిపించే వరసను తలకిందులు చేస్తుంది. దేవదూతలు దిగివచ్చి మనుషులకు దైవసంకల్పాన్ని తెలపడం పాఠకుడు ఎరిగిన సంగతే కాగా, ఇక్కడ ఆకాశమండలంలోని ప్రధానులూ అధికారులూ, అంటే లోకవ్యవహారాల మీద పెత్తనం గలవని ఆనాటివారు నమ్మిన అదృశ్యశక్తులు, దేవుని జ్ఞానాన్ని భూమి మీది సంఘాన్ని చూసి తెలుసుకోవలసి ఉంది. 4వ శతాబ్ది చివర క్రైస్తవ బోధకుడు యోహాను క్రిసొస్తొము తన ప్రసంగాల్లో ఈ మాటనే పట్టుకొని, దూతలకు సైతం ముందు తెలియని మర్మం మనుషులతో పాటే వారికీ తెలియవచ్చిందని వివరించాడు. ఆ మర్మమేమిటో పత్రికే చెబుతుంది: యూదులూ, యూదులు కాని అన్యజనులూ ఒకే శరీరంలో అవయవాలు కావడం. కాబట్టి దూతలకు అందే పాఠం సంఘం చేసే బోధలో కంటే సంఘంలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్న దానిలోనే ఎక్కువగా ఉందనాలి.

ఈ వచనం తెలుగులోకి వచ్చిన దారిలో విశాఖపట్నం ఒక ముఖ్యమైన మజిలీ. జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 18వ శతాబ్ది పూర్వార్ధంలోనే బైబిలును తెలుగు చేసినా ఆ అనువాదం అచ్చుకు నోచుకోలేదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ విశాఖపట్నం చేరి తెలుగు నేర్చుకొని అనువాదానికి పూనుకోగా, క్రైస్తవం స్వీకరించిన మరాఠా బ్రాహ్మణుడు ఆనందరాయర్ వారికి తోడ్పడ్డాడు. క్రాన్ 1809లో, డే గ్రాంజెస్ 1810లో మరణించారు. వారు సిద్ధం చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో, బెంగాల్‌లోని శ్రీరాంపూర్ మిషన్ ముద్రణాలయంలో జరిగిన అగ్నిప్రమాదంలో తెలుగు అచ్చు అక్షరాలు కూడా కరిగిపోయిన ఏడాదిలోనే, అక్కడే అచ్చయ్యాయి. విశాఖలో వారి పనిని అందుకొన్న ఎడ్వర్డ్ ప్రిట్చెట్ కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. ఆ కాలంలోనే శ్రీరాంపూర్ మిషనరీలూ తమ తెలుగు కొత్త నిబంధనను తెచ్చారు. ఎఫెసు పత్రిక తెలుగు అచ్చులోకి వచ్చింది ఈ దశలోనే. ఆ తరువాత విశాఖలోనే దీర్ఘకాలం పనిచేసిన జాన్ హే మొదలైనవారు పాఠాన్ని మళ్లీ మళ్లీ సవరించారు.

ఇందులో గమనింపదగ్గ విడ్డూరం ఒకటుంది. 1795లో పుట్టిన లండన్ మిషనరీ సొసైటీ మరుసటి ఏడాదే ఒక మూలసూత్రాన్ని అంగీకరించింది: బిషప్పుల పాలన, పెద్దల సభల పాలన, స్థానిక సమాజాల స్వయంపాలన అనే చర్చి పద్ధతుల్లో దేనినీ విదేశాలకు మోసుకెళ్లకుండా సువార్తను మాత్రమే అందించి, చర్చి రూపాన్ని కొత్త విశ్వాసులకే వదిలివేయాలన్నది దాని సారం. తెలుగువారికి ‘సంఘము’ గురించి చెప్పవచ్చినవారు ఆ సంఘం ఎలా ఉండాలో నిర్ణయించకూడదని ముందే ఒప్పుకొని వచ్చారన్నమాట.

అనువాదంలోని మాటలకూ తమ కథలున్నాయి. గ్రీకు ‘ఎక్లేసియా’కు మొదటి అర్థం పిలుపు అందుకొని కూడిన పౌరసభ. ఎఫెసు రేవుపట్నంలో దేమేత్రి అనే కంసాలి, అర్తెమిదేవి వెండి గుళ్లు చేసే తోటి పనివారిని కూడగట్టి పౌలుకు వ్యతిరేకంగా అల్లరి లేపిన ఘట్టాన్ని చెబుతూ అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం ఆ గుంపుకు కూడా ఇదే మాట వాడింది. నేడు వాడుకలో ఉన్న తెలుగు బైబిలు అక్కడ ‘సభ’ అనీ, పత్రికలో ‘సంఘము’ అనీ వేరు చేసింది. అర్థం స్పష్టమైంది గాని, బజారు గుంపుకూ ఆరాధక సమూహానికీ ఉన్న పేరుచుట్టరికం తెగిపోయింది. అంతకంటే పెద్ద నష్టం జ్ఞానానికి వేసిన విశేషణంలో జరిగింది. గ్రీకు మూలంలోని ‘పోలుపోయికిలోస్’ అనే మాటకు బహువర్ణమయమైన అని అర్థం; దానిలోని ‘పోయికిలోస్’నే గ్రీకు పాత నిబంధన ఆదికాండములోని యోసేపు అంగీకి వాడింది. తెలుగులో అంగీ ‘విచిత్రమైన’ది, జ్ఞానం ‘నానావిధమైన’ది అయ్యాయి. చిత్రమంటే రంగురంగులని ఎరిగిన భాషకు ఆ మొదటి మాటే రెండు చోట్లా సరిపోయేది. ‘అధికారులు’ అన్న మాట మాత్రం అనుకోకుండా పదును తేలింది: కలెక్టరు, కంపెనీ దొర, ఠాణా మనిషి మెదిలే మనసుతోనే ఆనాటి తెలుగు పాఠకుడు ఆకాశంలోని అధికారులనూ ఊహించుకొని ఉంటాడు.

తెలుగు నేల మీద యూదుడికీ అన్యుడికీ నడుమ ఉన్న గోడ స్థానంలో కులం నిలిచింది. 1850లో మద్రాసు మిషనరీ సమావేశం సంఘంలో కులభేదాన్ని గట్టిగా ఖండించవలసి వచ్చిందంటే, ‘ఒకే శరీరం’ అన్న మాట కాగితం మీద ఎంత తేలికో, రొట్టె పంచుకొనే ప్రభువు బల్ల దగ్గర ఎంత కష్టమో తెలుస్తుంది.

విశాఖలోని కార్మికవాడ మల్కాపురం చరిత్ర ఇందుకు మరో కోణం చేరుస్తుంది. 1933లో విశాఖ ఓడరేవు తెరుచుకొని, 1941లో సింధియా కంపెనీ నౌకానిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగి, 1957లో కాల్టెక్స్ చమురుశుద్ధి కర్మాగారం మొదలయ్యాక, ఉత్తరాంధ్ర పల్లెల నుండీ ఇతర ప్రాంతాల నుండీ ఒకరినొకరు ఎరగని మనుషులు జీతం కోసం ఈ చుట్టుపక్కలకు చేరారు. సింధియా కంపెనీ పోయినా ఆ పేరు అక్కడి కూడలికి మిగిలింది. ఇలాంటి కార్మికవాడలో ‘సంఘం’ అన్న మాట ఒంటరిగా నిలవదు. కార్మిక సంఘం షిఫ్టులో పక్కన నిలిచినవాడిని కలుపుతుంది, కుల సంఘం పుట్టుకను బట్టి కలుపుతుంది, ఎఫెసు పత్రికలోని సంఘం ఈ రెండు లెక్కలకూ లొంగనివారిని ఒక బల్ల దగ్గరకు పిలుస్తుంది. ఆదివారం ‘సంఘానికి వెళ్లాను’ అన్నవాడిని పొరుగువాడు ‘ఏ సంఘం?’ అని అడగక తప్పదు.