క్యూ కర్ర సంరక్షణ

బిలియర్డ్స్, స్నూకర్, పూల్ ఆటలలో బంతిని కొట్టడానికి వాడే పొడవైన కర్రను క్యూ కర్ర లేదా క్యూ అంటారు. స్నూకర్ ఆట 1875లో జబల్‌పూర్‌లోని ఆంగ్ల సైనికాధికారుల మధ్య పుట్టిందని ప్రసిద్ధి. ఆట మన దేశంలో పుట్టినా, కర్రకు వాడే యాష్, మేపుల్ కలప మాత్రం చల్లని దేశాలది. అందువల్ల గుంటూరు వంటి ఉష్ణప్రాంతాలలో దీనికి ప్రత్యేక శ్రద్ధ అవసరం.

'''నిర్మాణం'''

కర్ర కొసన తోలుతో చేసిన చిన్న బిళ్ళ ఉంటుంది. దీనిని టిప్ అంటారు. స్నూకర్ కర్రలో దీని వ్యాసం సుమారు 9 నుండి 10 మిల్లీమీటర్లు, పూల్ కర్రలో 12 నుండి 13 మిల్లీమీటర్లు. టిప్ కింద కర్ర చీలకుండా కాపాడే తొడుగు ఉంటుంది. స్నూకర్ కర్రకు సాధారణంగా ఇత్తడి తొడుగు వేస్తారు. రోకలికి పొన్ను ఎలాంటిదో కర్రకు ఇది అలాంటిది.

'''వాతావరణ ప్రభావం'''

కలప గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, పొడిగాలికి ఆరి కుంచించుకుపోతుంది. ఎండలకు పేరుపొందిన రెంటచింతల (2022 నుండి పల్నాడు జిల్లా) ప్రాంతంలో వేసవిలో పొన్ను వదులు కావచ్చు. బాపట్ల, నిజాంపట్నం వంటి సముద్రతీర ప్రాంతాలలో వానకాలంలో కర్ర చేతికి అంటుకున్నట్లుంటుంది. వేసవిలో ఇనుప పట్టీ వదులైన బండి చక్రాన్ని నీళ్ళలో నానబెట్టే పద్ధతి ఉంది. క్యూ కర్రకు ఆ పని చేయరాదు. తడిసిన కర్ర వంగితే ఇంట్లో సరిచేయడం దాదాపు అసాధ్యం. బరువులు పెట్టి వంచినా చాలాసార్లు మళ్ళీ మొదటికే వస్తుంది. ఎండలో నిలిపిన కారులో కర్రను వదలకూడదు, గోడకు ఏటవాలుగా చేరవేయకూడదు. పెట్టెలో పడుకోబెట్టి ఉంచడం మేలు. వంపు ఉన్నదీ లేనిదీ ఒక కన్ను మూసి కర్ర పొడవునా చూస్తే తెలుస్తుంది.

'''శుభ్రపరచుట'''

చెమట, సుద్దపొడి కలిసి కర్రపై జిడ్డు పేరుకుంటుంది. గట్టిగా పిండిన తడిబట్టతో తుడిచి, వెంటనే పొడిబట్టతో రుద్దాలి. చాలామంది తొందరపడి ఉప్పుకాగితంతో రుద్దుతారు. ఇలా చేసిన ప్రతిసారీ కర్ర కొంత సన్నబడుతుంది, పోయిన కలప తిరిగి రాదు.

'''టిప్ మార్చుట'''

అరిగిన టిప్‌ను బ్లేడుతో తొలగించి, పొన్ను పైభాగాన్ని సమతలంగా శుభ్రం చేయాలి. కొత్త టిప్ అడుగును ఉప్పుకాగితంపై కొద్దిగా గరుకుగా చేసి, పలుచగా సూపర్ గ్లూ రాసి సరిగ్గా మధ్యలో నొక్కిపట్టాలి. జిగురు బాగా ఆరిన తరువాత, కర్రను తలకిందులుగా చెక్కపై నిలిపి, బయటకు వచ్చిన తోలును బ్లేడుతో కోయాలి. చివరగా టిప్ పైభాగాన్ని గుండ్రంగా తీర్చాలి. పొన్ను మీద గీతలు పడకుండా కాగితపు పట్టీ చుట్టుకోవడం మంచిది.

'''నూనె పట్టించుట'''

వార్నిష్ లేని యాష్ కర్రకు అప్పుడప్పుడు అవిసె నూనెను పలుచగా పట్టించి, మిగిలినదంతా తుడిచివేస్తారు. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఈ నూనె గాలిలోని ప్రాణవాయువుతో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది. నూనె పీల్చిన నూలు గుడ్డలను ఉండచుట్టి మూలన పడవేస్తే, ఆ వేడి బయటకు పోలేక, నిప్పు తగలకుండానే అంటుకోవచ్చు. కనుక వాడిన గుడ్డలను నీటిలో తడిపి, ఆరుబయట ఒక్కొక్కటిగా పరచి ఆరిన తరువాతనే పారవేయాలి.